డ్రైవర్ మనోడే, పానా పట్టేవాడు మాత్రం మనోడు కాదు



పోస్టు పెద్దదే. మనం ఇక్కడ నోటిఫికేషన్ల గురించి, 1/70 గురించి, పోడు పట్టాల గురించి రాసుకుంటాం. ఈసారి నేను జీపు గురించి రాస్తున్నాను. డిగ్రీ చదువుతూ ఇదేంటని నవ్వకండి. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మాది పాడేరు వైపు, ఘాట్ పైన ఓ ఊరు. మా చిన్నాన్నకి ఒక పాత బొలెరో ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మీటర్ మీద ఇప్పుడు 2,38,000 కిలోమీటర్లు. మీటర్ పని చేయని నెలలు అందులో కలపలేదు. సంత రోజు మనుషులు, పసుపు బస్తాలు, కాఫీ గింజలు, మేకపిల్లలు అన్నీ అందులోనే. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే, 108 వచ్చే చోటిదాకా డోలీ మోసుకెళ్లాలా లేక మా చిన్నాన్న తలుపు కొట్టాలా అన్నది ఆ రోజు బండి స్టార్ట్ అవుతుందా లేదా అన్నదాని మీద ఉంటుంది. మన వైపు సర్వీసు అనే మాటకి అర్థం కూడా వేరే కదా. సర్వీసు జీపు, సర్వీసు ఆటో అంటే జనాన్ని ఎక్కించుకుని తిరిగేవి. ఆ బండికి కూడా ఒక సర్వీసు చేయించాలని మనకి అది ఆగిపోయినప్పుడే గుర్తొస్తుంది.

పోయిన వర్షాకాలం ఒక సాయంత్రం చిన్నాన్న ఘాట్ దిగుతున్నాడు. బండిలో ఎంతమంది ఉన్నారో రాయను, మీకు తెలుసు. మూడో నాలుగో మలుపు దాటాక బ్రేకు పెడల్ మెత్తబడింది. ఇంకోసారి తొక్కితే నేల దాకా పోయింది. ఆయన పాత డ్రైవర్ కాబట్టి గేరు సెకండ్‌కి, ఆపైన ఫస్ట్‌కి లాగి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా ఎత్తి, బండిని కొండ వైపు మట్టిగట్టుకి ఆనించి ఆపాడు. ముందు బంపర్ పోయింది, ఒక లైటు పోయింది. మనుషులకి ఏమీ కాలేదు. అందులో మా చెల్లి కూడా ఉంది.

అసలు విషయం ఏంటంటే, అరగంట ఆగాక పెడల్ మళ్లీ గట్టిపడింది! మెల్లగా కిందకి దిగి గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ వాళ్లు తొక్కి చూసి, బ్రేకులు బానే ఉన్నాయి, ఓవర్ లోడ్ వేసి తోలితే ఇలాగే ఉంటుంది, మీవాళ్లు ఎప్పుడూ ఇంతే అన్నారు. అంతకు నెలన్నర ముందే అదే గ్యారేజీలో చిన్నాన్న ఫుల్ సర్వీసుకి రూ.9,600 కట్టాడు. బిల్లు మీద బ్రేకాయిల్ మార్చినట్టు, నాలుగు చక్రాల బ్రేకులు విప్పి క్లీన్ చేసినట్టు రాసి ఉంది. గ్యారేజీ పేరు రాయను. అలాంటివి ఒకటి కాదు, పేరు రాస్తే గొడవ దాని మీదకి పోతుంది. ఓవర్ లోడ్ తప్పు మాది, అది ఒప్పుకుంటాను. కానీ ఆ 'మీవాళ్లు' అనే మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

పెడల్ ఎందుకు పోయింది, ఎందుకు తిరిగొచ్చింది అన్నది ఫిజిక్స్ చదివిన మనకి తెలియాలి. బ్రేకాయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు పట్టిందంటే ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఘాట్‌లో లోడుతో దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే ఆ వేడి దాటడం ఎంతసేపు? ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రం దాకా వెళ్తుంది. ఆవిరిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. అందుకే పెడల్ నేలకి పోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవం అవుతుంది, పెడల్ తిరిగొస్తుంది, గ్యారేజీవాడు ఏమీ లేదంటాడు. ఇది నాకు ఇంటర్‌లో చెప్పిన పాఠమే. కానీ మా ఇంటి బండికి దాన్ని వాడొచ్చని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఇంకో ముక్క కూడా ఇక్కడే చెప్పేస్తా. మన డ్రైవర్లలో కొందరు డీజిల్ మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదిలేస్తారు. బ్రేకు బూస్టర్‌కి కావాల్సిన వ్యాక్యూమ్ ఇంజన్ తిరిగితేనే వస్తుంది. ఇంజన్ ఆగాక రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ బండరాయిలా అయిపోతుంది. గేరు పట్టు కూడా ఉండదు. మిగిలే డీజిల్ ఎంత? దయచేసి మీ ఇంట్లో డ్రైవర్ ఉంటే ఈ రోజే చెప్పండి.

సరే, పని సంగతికి వస్తాను. మా మేనబావ ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి, వైజాగ్‌లో ఒక షెడ్డులో రెండేళ్లు పని చేసి, కరోనా అప్పుడు ఊరికొచ్చేసాడు. అప్పటినుంచి కాఫీ తోట చూసుకుంటున్నాడు. పండక్కి వెళ్లినప్పుడు నేనడిగాను, బావా, మన ఇంటి దగ్గరే చేసుకోలేమా అని. చేసుకోవచ్చు గానీ మూడు రోజులు పడుతుంది, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేయాలి, ఫోన్ పక్కన పెట్టాలి అన్నాడు. గ్యారేజీలో మొత్తం పెద్ద సర్వీసుకి 28,000 అవుతుందన్నారు. మాకు సామానుకి అయింది రూ.12,700. పనిముట్లకి వేరేగా రూ.7,400: సాకెట్ సెట్టు, టార్క్ పానా, గ్రీజు గన్, రెండు ఇనప స్టాండ్లు. పనిముట్లు మళ్లీ మళ్లీ వాడుకునేవే. కానీ డబ్బు మిగిలిందని చెప్పడానికి ఈ పోస్టు రాయడం లేదు. మూడు రోజులు ముగ్గురి కూలి లెక్కేస్తే మిగిలింది పెద్దగా ఏమీ లేదు.

పెరట్లో పనస చెట్టు కింద చదునైన చోట బండి పెట్టాం. బావ మొదట చెప్పిన మాట: జాకీని నమ్మి బండి కిందకి తల పెట్టకు. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి, నేల మీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు వేయాలి, విప్పిన చక్రాన్ని కూడా ఛాసిస్ కింద పడుకోబెట్టాలి. స్టాండు జారినా చక్రం ఆపుతుంది. ఇటుకల మీద, రాళ్ల మీద నిలబెట్టేవాళ్లని చూశాను. ఇటుక పగిలే ముందు చెప్పదు.

మొదటి రోజు వెనక చక్రాల డ్రమ్ములు విప్పాం. అక్కడే అసలు బండారం బయటపడింది. స్క్రూలు తుప్పు పట్టి, అంచుల్లో మట్టి రాయిలా గట్టిపడి ఉంది. నెలన్నర కాదు, ఆ డ్రమ్ముని ఏళ్ల తరబడి ఎవరూ విప్పలేదు. ఎడమ చక్రం లోపల వీల్ సిలిండర్ కారుతోంది, బ్రేక్ లైనర్ ఆయిల్‌తో తడిసిపోయి ఉంది. అంటే ఆ చక్రం ఎప్పటినుంచో సరిగా ఆగడమే లేదు. సిలిండర్ కొత్తది, లైనర్లు రెండు వైపులా కొత్తవి వేశాం. ఒక వైపు మాత్రమే మారిస్తే బండి ఒక పక్కకి లాగుతుందట. డ్రమ్ములో దుమ్ముని నోటితో ఊదబోతే బావ కసిరాడు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి. షెడ్డుల్లో పని చేసే మన పిల్లలు రోజూ ఆ దుమ్ము ఊదుతూనే ఉంటారు.

బ్రేకాయిల్ డబ్బా మూత తీసి చూస్తే కాఫీ డికాషన్. మార్చామని డబ్బులు తీసుకున్న ఆయిల్ అది. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది, పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకి కూడా తేడా తెలుస్తుంది. కొన్ని బండ్లలో డబ్బా బయటినుంచే కనిపిస్తుంది, మూత కూడా తీయనక్కర్లేదు. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరం ఒక్కసారి బోనెట్ ఎత్తి ఆ రంగు చూడలేదు. మోసం చేసినవాడిది ఎంత తప్పో, చూడని మాదీ అంతే తప్పు.

గాలి తీసే పని చెల్లితో చేయించాం. తను నర్సింగ్ చదువుతోంది. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి, మాకు అది వెనక ఎడమది. నిప్పిల్‌కి సన్నని పారదర్శక పైపు తగిలించి, రెండో చివర కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచాం. నేను చక్రం దగ్గర, తను పెడల్ దగ్గర. తొక్కు అంటే తొక్కాలి, పట్టు అంటే అలాగే పట్టుకోవాలి, నేను నిప్పిల్ బిగించాక వదులు అంటేనే వదలాలి. నల్లటి ఆయిల్, బుడగలు, మళ్లీ బుడగలు, చివరికి తేనె రంగు. పైన డబ్బా ఖాళీ అవ్వకుండా బావ పోస్తూనే ఉన్నాడు, ఖాళీ అయితే గాలి మళ్లీ లోపలికి పోయి పని మొదటికొస్తుంది. చెల్లి అంది, సెలైన్ పైపులో గాలి లేకుండా చూడటం లాంటిదే కదన్నయ్యా ఇది అని. ఆ రోజు ఘాట్‌లో ఆ బండిలో ఉన్నది తనే అని ముందే చెప్పాను. నాలుగో చక్రం అయ్యాక పెడల్ మీద కాలు పెట్టి గట్టిగా ఉందన్నయ్యా అని ఒకసారి అని, ఇంకేం మాట్లాడలేదు.

రెండో రోజు ఆయిళ్లు. ఇందులో నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. ఇంజన్ ఆయిల్ సులువే. బండి కాసేపు తిప్పి, చాంబర్ కింద బోల్టు తీసి కార్చి, ఫిల్టర్ విప్పి, కొత్త ఫిల్టర్ రబ్బరుకి కొంచెం ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. మాన్యువల్లో రాసిన గ్రేడు, రాసిన కొలత. మాది పాత డీజిల్ కాబట్టి 15డబ్ల్యు40. తర్వాత గేర్‌బాక్స్. బావ టీకి వెళ్లాడు, నేను ఆరాటంగా కింద బోల్టు తీసి ఆయిల్ మొత్తం కార్చేశాను. ఇప్పుడు పోయాలి కదా, పైన పోసే బోల్టు రావడం లేదు! బావ వచ్చి తల పట్టుకున్నాడు. గేర్‌బాక్స్‌కైనా, వెనక క్రౌన్ హౌసింగ్‌కైనా ముందు పోసే బోల్టు వస్తుందో లేదో చూసుకున్నాకే కార్చే బోల్టు ముట్టుకోవాలి. లేకపోతే బండి కదలలేక పెరట్లో కూర్చుంటుంది. సగం రోజు పోయింది.

చివరికి మా ఊరి కమ్మరి తాతని పిలిచాం. నాగలి కర్రులు, కత్తులు చేసిన మనిషి, ఇప్పుడు చూపు సరిగా ఆనదు. చేత్తో తడిమి చూసి, లాగకు రా, ముందు దాన్ని నిద్ర లేపాలి అని సుత్తితో బోల్టు తల మీద చిన్నగా చుట్టూ కొట్టాడు. ఒక పది నిమిషాలు అంతే, కొట్టడం, ఆగడం. తర్వాత పానాకి పొడుగు పైపు తొడిగి నన్ను నిదానంగా నొక్కమన్నాడు. టక్కుమని వచ్చింది. తుప్పు పట్టు ఆ దెబ్బల అదురుకి వదులుతుంది అన్నది తర్వాత బావ చెప్పాడు. తాతకి ఆ వివరణ అక్కర్లేదు. ఇనుము పని మనకి రాదని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది. ఊళ్లోనే ఉంది. మనం అడగడం మానేశాం అంతే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డీజిల్ ఫిల్టర్ కింద బోల్టు వదులు చేస్తే టీ గ్లాసులో పావు వంతు నీళ్లు వచ్చాయి. డబ్బాల్లో తెచ్చి పోసే డీజిల్ సంగతి అది. ఫిల్టర్ మార్చాక హ్యాండ్ పంపు కొట్టి గాలి తీస్తేనే బండి స్టార్ట్ అయింది. ఎయిర్ ఫిల్టర్ నిండా మన ఎర్రమట్టి. జాయింట్ షాఫ్ట్ క్రాస్‌లకి గ్రీజు గన్‌తో పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాం. ఒక క్రాస్ అరిగిపోతే మార్చాం. గేరు వేయగానే టక్ మనే శబ్దం దానిదేనట, నేనైతే పాత బొలెరో అంటే అలాగే ఉంటుంది అనుకున్నా. రేడియేటర్‌లో ఇన్నాళ్లూ గెడ్డ నీళ్లే పోశాం. కార్చితే ఇటుక రంగు నీళ్లు. కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాం. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దని వేరే చెప్పాలా? చెప్పాలి, మా ఊళ్లో మెడ మీద కాలిన మచ్చలున్న మనిషి ఉన్నాడు.

కూలెంట్ గురించి ఒక హెచ్చరిక. అది తియ్యగా ఉంటుంది, విషం. తీసేసిన కూలెంట్ బేసిన్లో వదిలేస్తే కుక్కలు, మేకలు తాగి చస్తాయి. మూత బిగించిన డబ్బాలోకి వెంటనే ఎత్తేయాలి.

ఇక కాలిన ఇంజన్ ఆయిల్. దీని మీద మా ఇంట్లోనే గొడవైంది. మా తాత ఎప్పటిలాగే చెదలు పట్టకుండా ఇంటి గుంజలకి పూస్తానన్నాడు. చెల్లి ఒప్పుకోలేదు. ఆ ఆయిల్ చర్మానికి మంచిది కాదు, చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకోవడమే తప్పు, మళ్లీ ఇంటికి పూస్తావా అంది. తాతకి కోపం వచ్చింది. 2016 రూల్స్‌లో వాడేసిన ఆయిల్‌ని ప్రమాదకర వ్యర్థాల్లో పెట్టారని నేను కూడా చెప్పాను. దానికి ఆయన, మీ రూల్సు చెదలకి తెలుసా అన్నాడు. చివరికి క్యాన్లలో పోసి కిందకి తీసుకెళ్లి పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చాం. కానీ తాత ఒక సీసా దాచుకున్నాడని నా అనుమానం. ఏది ఏమైనా గెడ్డ ఒడ్డున మాత్రం ఎవరూ కార్చకండి. జీపుల్ని గెడ్డలో దించి కడిగి, అక్కడే ఆయిల్ వదిలేసే అలవాటు మన వైపు ఉంది. కింద ఊరోళ్లు ఆ నీళ్లే బిందెల్లో పట్టుకెళ్తారు. మైనింగ్ వస్తే మన ఊటలు పాడవుతాయని ధర్నా చేసేది మనమే కదా.

మూడో రోజు బిగింపులు, చూసుకోవడాలు. చక్రాల నట్లు టార్క్ పానాతో బిగించి, కొంచెం తిరిగొచ్చాక మళ్లీ చూశాం. ముందు స్కూల్ గ్రౌండ్‌లో ఖాళీ బండితో, నడక వేగంలో బ్రేకు. తర్వాత ఊరి ఎత్తు మీద. ఆ తర్వాతే ఘాట్, అదీ ఖాళీగా, బావ పక్కన కూర్చుని. కిందకి దిగాక నాలుగు చక్రాల దగ్గరా వంగి ఎక్కడైనా తడి ఉందా అని చూశాం. లేదు.

ఇప్పుడు నా అభిప్రాయం. నేను ఇది మొదట మా ఫ్రెండ్స్ గ్రూపులో చెప్పినప్పుడు రెండు రకాల మాటలు వచ్చాయి.

ఒకటి: చదువుకుని గ్రీజు పూసుకోవాలా? ఈ మాట నాకు అర్థమవుతుంది. మన అమ్మానాన్నలు ఒళ్లు వంచి చదివించింది మళ్లీ ఒళ్లు వంచడానికి కాదు. కానీ జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఏజెన్సీలో టీచర్ పోస్టుల మీద పెట్టుకున్న ఆశ ఏమైందో మనందరికీ తెలుసు. నేనూ డీఎస్సీకి చదువుతాను, మానను. అలాగని పానా పట్టుకుంటే చదువు తగ్గిపోతుందా? నాకైతే మరిగే ఉష్ణోగ్రత అంటే ఏంటో డిగ్రీలో కంటే ఆ చక్రం దగ్గరే బాగా అర్థమైంది. మన పిల్లలు ఐటీఐ అంటే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అడుగుతారు, కంపెనీలో పడొచ్చని. డీజిల్ మెకానిక్ ఒక ఏడాది, మోటార్ మెకానిక్ రెండేళ్లు. ఆ ట్రేడ్లు చేసినవాళ్లు కూడా మా బావలా వైజాగ్ షెడ్డుల్లోనే పని చేస్తారు, ఊళ్లో జీపు మాత్రం కిందకి దిగాలి. మన సంతల్లో తిరిగే జీపుల్ని చూడండి. డ్రైవర్ మనోడు, క్లీనర్ మనోడు, ఇప్పుడిప్పుడే ఓనర్ కూడా మనోడు. అప్పు వాయిదాలు కట్టేది మనోడు. బోనెట్ కింద ఏముందో మాత్రం వేరేవాడు చెప్తే నమ్మాలి.

రెండోది ఇంకా గట్టి మాట. ఒక అన్న అడిగాడు: రోడ్డు వేయమని, అంబులెన్స్ ఊరి దాకా రమ్మని అడగాల్సింది పోయి, మన జీపు మనం బాగుచేసుకుందాం అంటావా? అలా అంటే గవర్నమెంటు చేతులు దులుపుకోదా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన అన్నది నిజమే. మనం ఎంత సర్దుకుపోతే అంత సర్దుకోమంటారు. డోలీ మోయడం అలవాటైంది కాబట్టే ఇంకా మోయిస్తున్నారు. రోడ్డు అడగడం మానమని నేను అనను, ఐటీడీఏ ముందు కూర్చోవాల్సిన రోజు కూర్చుంటాను. కానీ రోడ్డు వచ్చే దాకా ఈ రాత్రి ఆ ఘాట్ దిగేది ఈ బండే. రోడ్డు వచ్చాక కూడా దిగేది ఈ బండే, అప్పుడు ఇంకా వేగంగా దిగుతుంది. ఆ బ్రేకాయిల్ సంగతి ఏ అర్జీ మీదా రాయలేం.

అలాగని యూట్యూబ్ చూసి అందరూ బ్రేకులు విప్పేయమని కాదు. మాకు బావ లేకపోతే నేను ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు దగ్గరే ఆగేవాణ్ని. బ్రేకులు పని తెలిసినవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోవద్దు. ఇంజన్ టైమింగ్, వాల్వుల జోలికి మేం పోలేదు. పాత ఆల్టో 800 లాంటి వాటిలో టైమింగ్ బెల్టు ఉంటుంది, కిలోమీటర్లు ఎక్కువైతే అది మార్చడం ముఖ్యం, కానీ ఒక పన్ను అటూ ఇటూ అయితే ఇంజన్ సరిగా నడవదు, అది తెలిసినవాళ్ల పని. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకి స్కానర్ కావాలి. డీపీఎఫ్ ఉన్నవాటిలో పాత గ్రేడు ఆయిల్ పోస్తే అది మూసుకుపోతుంది. వారంటీలో ఉన్న బండిని కంపెనీకే తీసుకెళ్లండి. కానీ అప్పుడు కూడా పక్కన నిలబడి చూడండి. పాత ఫిల్టర్ చూపించమనండి, బ్రేకాయిల్ రంగు చూపించమనండి. అడిగితే ఏమనుకుంటారో అని మనం వెనక బెంచీ మీద కూర్చుంటాం చూడండి, అక్కడే వాళ్లకి ధైర్యం.

మా చిన్నాన్న ఆ పాత బిల్లు, డ్రమ్ము ఫోటోలు పట్టుకుని గ్యారేజీకి వెళ్లాడు. నేనూ వెళ్లాను. డబ్బులు తిరిగివ్వలేదు. కుర్రాళ్లు చేసుంటారు, నాకు తెలీదు అన్నాడు ఓనర్. కానీ ఫోటోలు చూస్తూ ఈసారి 'మీవాళ్లు' అనలేదు. ఎవరు విప్పారు అని అడిగాడు. మేమే అని చెప్పాను.

ఇప్పుడు ఊళ్లో ఇంకో రెండు జీపుల వాళ్లు, ఒక ఆటో అన్నయ్య బావని అడుగుతున్నారు. మే సెలవుల్లో మా పనస చెట్టు కిందే ఒక నాలుగు రోజులు పెట్టుకుందాం అనుకుంటున్నాం. హుకుంపేట, పెదబయలు, డుంబ్రిగూడ వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా రావచ్చు. కూలి లేదు, భోజనం మా ఇంట్లో, పాత బట్టలు తెచ్చుకోండి. స్టాండ్లు రెండే ఉన్నాయి, ఎవరి దగ్గరైనా ఇంకో రెండు ఉంటే చెప్పండి. పాత బొలెరో డీఐ వర్క్‌షాప్ మాన్యువల్ ఎవరి దగ్గరైనా ఉంటే పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, మా దగ్గరున్న దాంట్లో గేర్‌బాక్స్ పేజీలు ఎలుకలు కొట్టేశాయి.